గ్లాడిస్ లెక్క వేరు

“ఈ ఏడాది నుంచి నీ బిల్లులు కూడా నా డబ్బాలో పడెయ్యి, కోరీ” అంది వెర్నా, చేతిలో అల్లిక ఆపకుండానే. “వేడ్ కాయితాల్లో కలిపేస్తాను. పెళ్ళయ్యాక కూడా ఎవరి కుంపటి వాళ్ళదేనంటే ఏం బావుంటుంది?”

వెర్నా మా అత్తగారు. మా మామగారివీ, మా ఆయన వేడ్‌వీ పన్ను కాయితాలన్నీ ఆవిడ డబ్బాలోనే ఉంటాయి. ఫిబ్రవరి మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని ఇద్దరం లాబ్‌స్టర్ బోనులకి లోపలి వలలు అల్లుతున్నాం. అమెరికాలో ఈ మెయిన్ రాష్ట్రంలో మా తీరం పొడుగునా ఇది ఆడవాళ్ళ పనే. మగవాళ్ళకి అల్లడం రాక కాదు. వాళ్ళు అల్లితే దాన్ని పని అనాల్సి వస్తుంది.

మాకు పెళ్ళయి ఇంకా మూడు నెలలు నిండలేదు. నవంబరు చివర, బోనులన్నీ ఒడ్డుకి తెచ్చి పేర్చుకున్నాక చేసుకున్నాం. కానీ పన్నుల వాళ్ళ లెక్క వేరు. డిసెంబరు ఆఖరి రోజుకి పెళ్ళయి ఉంటే చాలు, ఏడాది పొడుగునా పెళ్ళయి ఉన్నట్టే. అంటే ఏప్రిల్లో మంచు కురుస్తుంటే ఒక్కదాన్నే బోనులు దింపినదీ, జూలైలో ఇంజను ఆగిపోతే ఏమీ కనిపించని పొగమంచులో లంగరు వేసుకుని కూర్చుని, చేతులు నూనెలో ముంచి దాన్ని మళ్ళీ బతికించినదీ, సెప్టెంబరు గాలివానకి ముందు రోజు చీకటితో లేచి బోనులన్నీ లోతుకి జరిపినదీ, అన్నీ వేడ్ పింక్‌హామ్ గారి భార్య చేసిన పనులే అన్నమాట. ఆ ఏప్రిల్ నాటికి వేడ్‌తో నాకున్న బంధమల్లా రేవులో ఎదురుపడితే తలూపడమే. ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాను. నవ్వులో కొంచెం చురుకు కూడా ఉంది.

మా నాన్నకి పడవ లేదు. బ్లూబెర్రీ ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఇక్కడ పడవ తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది, లైసెన్సు కోసం ఎదురుచూసే వాళ్ళ వరస చాంతాడంత ఉంటుంది. నేను వాళ్ళ పడవలో వీళ్ళ పడవలో వెనక నిలబడి, ఎర సంచులు నింపి, బోనులు అందుకుని, ఇరవయ్యేడో ఏట నా లైసెన్సు తెచ్చుకున్నాను. చేపల పని మానేసిన ఒక ముసలాయన దగ్గర పడవ కొన్నాను. దాని పేరు గ్లాడిస్. పడవ పేరు మారిస్తే అరిష్టం అంటారు కాబట్టి మార్చలేదు. గ్లాడిస్ ఎవరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మొదటి వేసవిలో ఎవరో నా బోనుల తాళ్ళు కోసేశారు. ఎర కొనడానికి వెళ్తే, “మీ ఆయనకి ఎన్ని పెట్టెలు కావాలట?” అనేవాళ్ళు. నాకింకా పెళ్ళి కాలేదంటే, “అయితే మీ నాన్నకి?” అనేవాళ్ళు. రెండో వేసవికి ఆ ప్రశ్న ఆగింది. నాలుగో వేసవికి, పొగమంచు పట్టినప్పుడు రేడియోలో నన్ను పేరు పెట్టి పిలిచి, “అటు లోతెంత ఉంది కోరీ?” అని అడగడం మొదలైంది. ఆ పిలుపు మొదటిసారి విన్న రోజున ఇంటికొచ్చి ఒక్కదాన్నే పెద్ద కుండెడు చేపల సూప్ చేసుకుని తాగాను. అంతకన్నా పెద్ద పండగ నాకు తెలీదు.

“ఆలోచించి చెప్తాను” అన్నాను వెర్నాతో. ఆవిడ కళ్ళెత్తి ఒకసారి చూసి మళ్ళీ అల్లికలో పడింది.

ఆదివారం భోజనాల దగ్గర మామగారు ఎల్డెన్ ఆ ఆలోచన నా తరఫున ఆయనే పూర్తి చేసేశాడు. వేడ్ పెద్ద పడవ కొనాలనుకుంటున్నాడు. బ్యాంకు వాడు అప్పు ఇవ్వాలంటే లెక్కల్లో అంకె బలంగా కనిపించాలి. గ్లాడిస్ మీద నేను పట్టి అమ్మిన పట్టు కూడా వేడ్ వ్యాపారం కిందే చూపిస్తే అంకె బలంగా ఉంటుంది. ఆయన ఇదంతా బంగాళాదుంపలు వడ్డించుకుంటూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

“నేను పట్టింది వేడ్ పట్టినట్టు ఎలా అవుతుంది?” అని అడిగాను.

“వాడి ఇంటిపేరు నీది ఎలా అయింది? అలాగే అవుతుంది, అమ్మాయ్.”

నేను ఇంటిపేరు మార్చుకోలేదన్న సంగతి ఆయనకి అప్పటికింకా తెలీదు. వేడ్ తల వంచుకుని పళ్ళెంలోకి చూస్తున్నాడు. వేడ్ మంచివాడు. తన పడవ నడిపేటప్పుడు ఎంత నిబ్బరంగా ఉంటాడో, తండ్రి బల్ల ముందు కూర్చుంటే అంత చిన్నవాడైపోతాడు. ఇంటికొచ్చాక, నాన్న మాటలకేం గానీ కలిపేస్తే మనకే కదా మంచిది అన్నాడు. “మనకి” అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో! అందులో నేను ఎక్కడున్నానో వెతుక్కుంటూ ఆ రాత్రంతా దొర్లాను. వంట మనకి. మురికి బట్టలు మనవి. ఎర కంపు కొట్టే బూట్లు మనవే, కానీ రెండు జతలూ కడిగేది నేను. పెళ్ళయిన వారానికే పొద్దున్న వేడ్ రేవుకి పట్టుకెళ్ళే కాఫీ డబ్బా నింపడం నా పనైంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. బోనులు దింపే కాలం వస్తే నేనూ అదే వేళకి అదే సముద్రం మీదికి పోతాను. ఇవన్నీ ప్రేమగానే చేశాను, చేస్తాను. కానీ ఒక ఏడాది ఒంటి చేత్తో పట్టిన పట్టుని కాఫీ డబ్బాతో కలిపి ఇచ్చెయ్యమంటే చెయ్యి ముందుకి రావడం లేదు.

హక్కిన్స్ అనే ఆయన మా వైపు వాళ్ళందరికీ పన్ను రిటర్నులు వేస్తాడు. కౌంటీ పట్నంలో ఇనప సామాన్ల షాపు మీద ఆయన ఆఫీసు. చేపల వాళ్ళం మార్చి ఒకటి లోపల వెయ్యాలి కాబట్టి ఫిబ్రవరి మూడో వారంలో ఇద్దరం వెళ్ళాం. ఆయన ఎదురుగా రెండు కుర్చీలున్నాయి, కానీ మాట్లాడినంతసేపూ ఒక కుర్చీతోనే మాట్లాడాడు.

“మీ ఆవిడ కూడా కాస్త పడవ మీదికి వెళ్తుందన్నమాట” అన్నాడు వేడ్‌తో.

“కాస్త కాదండీ” అన్నాడు వేడ్. ఆ ఒక్క మాటకి నేను అతన్ని ఎంత ప్రేమించానో చెప్పలేను.

పెళ్ళయిన వాళ్ళకి రెండే దార్లని హక్కిన్స్ చెప్పాడు. ఇద్దరూ ఉమ్మడిగా వెయ్యడం, లేదా ఎవరిది వాళ్ళు విడిగా వెయ్యడం. ఉమ్మడిగా అయితే పన్ను తగ్గుతుంది, విడిగా అయితే పెరుగుతుంది, కొన్ని రాయితీలు పోతాయి. ఇందులో ఆలోచించేదేమీ లేదన్నాడు. నా పట్టుని వేడ్ పేరు కింద చూపిస్తే ముసలితనంలో వచ్చే పింఛను ఖాతాలో నా పేరున ఏం పడుతుందని అడిగాను. ఆయన మొదటిసారి నావైపు తిరిగాడు. “మొగుడి పింఛనులో సగం పెళ్ళానికి ఎలాగూ వస్తుందిగా అమ్మా” అన్నాడు, చంటిపిల్లకి బిస్కెట్టు ఇచ్చినట్టు.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో, నేను విడిగా వేస్తానని వేడ్‌కి చెప్పేశాను. అతను ట్రక్కు వేగం తగ్గించాడు.

“మూడు నెలలకే విడిగానా?”

“కాయితం గురించి చెప్తున్నాను వేడ్.”

“ఊళ్ళో కాయితం అనుకోరు. మా నాన్న అసలే అనుకోడు.”

“నువ్వేమనుకుంటావు?”

“నా పేరు పక్కన నీ పేరు రాయడానికి నీకు మనసు రావడం లేదనుకుంటాను.”

కాదని చెప్పబోయి ఆగిపోయాను. నాకు అతని పక్కన ఉండటం ఇష్టమే. అతని కింద ఉండటమే ఇష్టం లేదు. పక్కకీ కిందకీ మధ్య తేడా నాకు తెలుసు గానీ, దానికి ఆ హక్కిన్స్ కాయితంలో చోటుందో లేదో తెలీదు. పౌరుషానికి పోయి ఎక్కువ పన్ను కట్టడం కూడా నాకు నచ్చలేదు. సముద్రం మీద పౌరుషానికి పోయేవాళ్ళు ఒడ్డుకి రారు. గాలి ఎటుందో చూసుకుని, పోవలసిన చోటికి పోవడమే తెలివి.

మర్నాడు మళ్ళీ వెర్నా వంటింట్లో కూర్చున్నాం. విడిగా వేస్తానన్న మాట అప్పటికే ఆవిడ చెవిన పడింది. చీవాట్లకి సిద్ధపడి ఉన్నాను. ఆవిడ అల్లిక ఒళ్ళో పెట్టుకుని, కుడి భుజం ఎడమ చేత్తో నొక్కుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది. రేవులో ఎల్డెన్ పడవ కనిపిస్తోంది. దాని పేరు వెర్నా మే. మా వైపు మగవాళ్ళు పడవలకి పెళ్ళాల పేర్లు పెడతారు.

“నా భుజం సంగతి నీకు తెలుసుగా” అంది.

తెలుసు. పెళ్ళయిన కొత్తలో నుంచి ఎల్డెన్ పడవలో వెనక నిలబడి బోనులు లాగింది ఆవిడే. జీతమిచ్చి మనిషిని పెట్టుకునే స్తోమత అప్పుడు వాళ్ళకి లేదు. తరవాత వచ్చినా పెట్టుకోలేదు, వెర్నా ఉంది కాబట్టి. భుజం పాడయ్యాక పడవ దిగింది. అయినా ఎర సంచులు నింపడం, ఏ బోను ఎవరిదో తెలిసేలా నీళ్ళ మీద తేలే బెండ్లకి రంగులెయ్యడం, వలలు అల్లడం, ఎల్డెన్ లెక్కలు రాయడం, లాబ్‌స్టర్లు కొనేవాడితో ధర కోసం ఫోనులో కొట్లాడటం ఇవాళ్టికీ ఆవిడ పనే.

“భుజం పూర్తిగా పడిపోయిన ఏడాది, పని చెయ్యలేని వాళ్ళకి ప్రభుత్వం భత్యం ఇస్తుందంటే అడగడానికి వెళ్ళాను. ఎల్డెన్‌కి చెప్పలేదు. పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పాను. అక్కడ ఒక అమ్మాయి కూర్చుంది, మర్యాదస్తురాలే. ఆఖరిసారి ఎప్పుడు పని చేశారండీ అంది. ఇవాళ పొద్దున్న అన్నాను. ఆ అమ్మాయి ఎదురుగా ఉన్న కంప్యూటరు తెర చూసుకుని, పాపం ఇబ్బంది పడుతూ, ‘మీ పేరు మీద ఏమీ లేదండీ. మీరు ఎప్పుడూ పని చేసినట్టు లేదు’ అంది.”

వెర్నా ఇదంతా సరుకుల జాబితా చదివినట్టు చెప్పింది. అదే నాకు భరించడం కష్టమైంది.

“ఎప్పుడూ, అంది. ఒక్క రోజు కూడా లేదట. ప్రతి ఏడూ ఆ లెక్కలు రాసింది నేను. పడవ ఆదాయమంతా ఎల్డెన్ పేరునే రాశాను, అందరూ అలాగే రాస్తారు కాబట్టి. నన్ను లేకుండా చేసింది ఎవరో కాదు, నా చేతి రాతే.”

“వెర్నా, మీకు తెలీదు కదా...”

“తెలీదు. నీకు తెలుసు. అందుకే చెప్తున్నాను. నీ బిల్లులు నా డబ్బాలో వెయ్యొద్దు.”

ఆ మాట అన్నాక మళ్ళీ అల్లిక అందుకుంది. నేనూ అందుకున్నాను. ఇన్నాళ్ళూ నేను ఆవిడని ఎల్డెన్ పక్షం మనిషి అనుకున్నాను. పెళ్ళికి ముందు ఒకసారి నా చేతులు పట్టుకుని, తాడు కోసుకుపోయిన గీతలు చూసి, వేలితో తడిమి వదిలేసింది. అప్పుడు అది జాలి అనుకున్నాను. కాదని ఇప్పుడు అర్థమైంది. ఆ చేతుల్ని ఆవిడ గుర్తుపట్టింది.

రెండోసారి హక్కిన్స్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఈసారి రెండో కుర్చీ ఖాళీ కాబట్టి ఆయన నాతోనే మాట్లాడక తప్పలేదు. వేడ్‌తో ఉమ్మడిగా వేస్తానన్నాను. కానీ గ్లాడిస్ మీద వచ్చిన ఆదాయం, ఖర్చులు నా పేరున, నా సొంత వ్యాపారంగా విడి కాయితంలో ఉండాలి. అలా ఉమ్మడి రిటర్నులో రెండు వ్యాపారాలు ఉండొచ్చా లేదా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఉండొచ్చు అన్నాడు. నిజానికి అలాగే ఉండాలట. లైసెన్సు నాది, పడవ నాది, పట్టు నాది. పన్ను కూడా ఒక్క డాలరు పెరగదట. మరి మొన్న చెప్పలేదేమని అడిగాను. “ఎవరూ అడగలేదమ్మా” అన్నాడు. నిజమే అయ్యుంటుంది.

లేవబోతూ ఇంకో మాట అడిగాను. పడవ ఒకటే, మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ ఆ వ్యాపారంలో పని చేస్తే? అప్పుడు దాన్ని ఇద్దరి మధ్యా పంచి, ఎవరి వాటా వాళ్ళ పేరున రాసుకోవచ్చన్నాడు. ఎవరి పింఛను ఖాతాలో వాళ్ళకే జమ పడుతుంది. ఇద్దరూ ఒప్పుకోవాలి, ఇద్దరూ నిజంగా పని చేస్తుండాలి, అంతే. ఎవరి కోసం అని అడిగాడు. ఊరికే అన్నాను.

వేడ్ ఆ సాయంత్రం ఒడ్డున బెండ్లకి రంగులేస్తున్నాడు. సగం తనవి, సగం నావి. నా రంగు పసుపూ నలుపూ, అతనిది ఎరుపు. నా నిర్ణయం చెప్పాను. ఉమ్మడిగా సంతకం పెడతాను, కానీ ఆ సంతకం అంటే అతను రాసిన ప్రతి అంకెకీ నేను పూచీ, నేను రాసిన ప్రతి అంకెకీ అతను పూచీ. రేపు ఏ తేడా వచ్చినా ఇద్దర్నీ పట్టుకుంటారు. అందుకని సంతకానికి ముందు అతని కాయితాలు నేను చదువుతాను, నావి అతను చదవాలి. బ్యాంకు వాడికి రెండు పడవల లెక్కలు చూపిద్దాం. అప్పు ఇస్తే ఇద్దరి బలం చూసి ఇస్తాడు.

అతను బ్రష్ డబ్బా అంచున ఆనించి ఆలోచించాడు. “మా అమ్మా నాన్నా ఒకరి కాయితాలు ఒకరు చదవడం నేనెప్పుడూ చూళ్ళేదు” అన్నాడు. తరవాత, కొంచెం సిగ్గుపడుతూ, “నా డీజిల్ బిల్లులు చూసి నవ్వకూడదు మరి” అన్నాడు.

నవ్వాను. అతనూ నా ఎర ఖర్చు చూసి ఈల వేశాడు. రెండు రోజులు బల్ల నిండా కాయితాలు పరుచుకుని ఒకరి ఏడాదిని ఒకరం చదువుకున్నాం. గాలివాన వారంలో అతను ఎన్ని బోనులు పోగొట్టుకున్నాడో నాకప్పుడే తెలిసింది. నా పట్టు తన పట్టు కన్నా ఎక్కువని అతనికీ అప్పుడే తెలిసింది. ఆ అంకె మీద వేలు పెట్టి మళ్ళీ చదివాడు. మొహం ముడుచుకుంటాడేమోనని చూస్తున్నాను. “నేను రేవులో తలూపి ఊరుకున్నది ఈవిడకా!” అన్నాడు. పెళ్ళి రోజు చర్చిలో చెప్పుకున్న మాటలు అందరూ చెప్పుకునేవే. ఈ రెండు రోజుల మాటలు మాత్రం మావి.

వెర్నాకి హక్కిన్స్ చెప్పింది చెప్పాను. ఆవిడ రొట్టె పిండి పిసుకుతోంది, ఎడమ చేత్తో. ఇప్పుడు మొదలుపెడితే తన పేరున పింఛను రావడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగింది. పదేళ్ళన్నాను. అప్పటికి ఆవిడకి అరవై ఏడు.

“ఆ పదేళ్ళూ ఎలాగూ చేస్తానుగా” అంది. “చేసేదేదో పేరు పెట్టుకుని చేస్తాను.”

అంతే అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు కాబట్టి వదిలేసిందనుకున్నాను. సంతకాల రోజున మేం ట్రక్కు ఎక్కుతుంటే, చర్చికి వేసుకునే కోటు వేసుకుని పక్కనే ఉన్న వాళ్ళింట్లోంచి బయటికి వచ్చింది. వెనకాలే, ఎప్పుడూ లేనిది నన్ను కూడా రమ్మంటోందేమిటని గొణుక్కుంటూ ఎల్డెన్.

హక్కిన్స్ ఆఫీసులో నలుగురికి రెండే కుర్చీలు. ముందు మా పని అయింది. రిటర్నులో మొదటి పేరు ఎవరిది రాయమంటారని ఆయన అలవాటుగా వేడ్‌ని అడిగాడు. వేడ్ నావైపు చూసి, “ఎక్కువ పట్టినవాళ్ళది” అన్నాడు. మొదటి గడిలో కోరిన్ థర్లో అని పడింది. ఎల్డెన్ ఆ పేరు పైకి చదివి, “థర్లో ఏమిటి?” అన్నాడు. “నా ఇంటిపేరు” అన్నాను. నేను సంతకం పెట్టాను. చెయ్యి నింపాదిగా కదిలింది.

లేచి కుర్చీ వెర్నాకి ఇచ్చాను. ఆవిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, పడవ లెక్క ఇద్దరి మధ్యా సగం సగం రాయమని హక్కిన్స్‌కి చెప్పింది.

“ఏమిటిది వెర్నా? ఇప్పుడు దీనికేమొచ్చింది?” అన్నాడు ఎల్డెన్.

అప్పుడు ఆవిడ ఆయనకి, భుజం పడిపోయిన ఏడాది తను పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదని చెప్పింది. ఎక్కడికి వెళ్ళిందో, అక్కడి అమ్మాయి ఏమందో నాతో చెప్పినట్టే చెప్పింది. ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. ఎల్డెన్ మొహం క్రమంగా ఎర్రబడింది. కోపమనుకున్నాను. ఆయన భార్య భుజం వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు.

హక్కిన్స్ ఎల్డెన్ వైపు తిరిగాడు. “అడగక తప్పదు, ఏమీ అనుకోకండి. ఈ వ్యాపారంలో ఆవిడ నిజంగా పని చేస్తారా?”

ఎల్డెన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“ఈవిడ పని చెయ్యని రోజు నేను చూళ్ళేదు” అన్నాడు.

హక్కిన్స్ కొత్త కాయితం తీశాడు. వెర్నా మే పింక్‌హామ్ అని రాసి, కలం ఎత్తి పట్టుకుని, “మీ వృత్తి ఏమని రాయమంటారు?” అన్నాడు.

వెర్నా వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. ఆవిడ అంత పొడుగు మనిషని నాకు అంతవరకూ తెలీదు.

“ఆయనకేం రాశారో” అంది, “నాకూ అదే రాయండి.”